వాటాకొచ్చిన పెట్టె

శ్రావణమాసం వచ్చిన దగ్గర్నుంచీ ఉమాశంకర్‌ని పలకరించడానికి ఇంట్లోవాళ్ళు జంకుతున్నారు. కొట్టులో బేరాలు బాగానే ఉన్నాయి, ఒంట్లో నలతేమీ లేదు. బాధంతా పెరటి వసారాలో పాత దుప్పటి మీద పడుకోబెట్టిన ఒక స్పీకరు పెట్టెతో. దాన్ని బాగుచేద్దామని కూర్చున్న ప్రతిసారీ ఒకచోట కుదురుకుంటే ఇంకోచోట పాడవుతోంది. అక్కణ్ణుంచి లేచి వచ్చినప్పుడల్లా ఆయన మొహం మాడిపోయి ఉంటోంది. అన్నంలో ఉప్పు ఎక్కువైందనో, తువ్వాలు తడిగా ఉందనో ఎవరిమీదో ఒకరిమీద పడుతున్నాడు.

ఆ పెట్టెకి ఒక కథ ఉంది. విజయనగరం గంటస్తంభం దగ్గర ఇత్తడి సామాన్ల కొట్టు పెట్టింది ఉమాశంకర్ తండ్రి నారాయణమూర్తి. ఆయనకి పాటల పిచ్చి. విశాఖపట్నంలో, ఓడ ఉద్యోగం మానుకున్న ఒకాయన దగ్గర ఆ స్పీకర్లు జతగా కొన్నాడు. లోపలంతా చెక్కపొట్టు అదిమి చేసిన పలక. పైన మాత్రం అట్టకంటే పల్చటి టేకు పొర అతికించి ఉంటుంది, దాన్ని వినీర్ అంటారు. ఒకే దుంగలోంచి ఒకదాని వెంట ఒకటిగా తీసిన పొరలు కనక, ఈ పెట్టె మీద గీత ఎటు ఒంపు తిరిగితే ఆ పెట్టె మీదా అటే తిరుగుతుంది. రెంటికీ పైపలక ముందు మూలన, ఒకేచోట, నెమలికన్నులా ఒక ముడి ఉండేది. ఇంటికెవరొచ్చినా నారాయణమూర్తి ముందు ఆ కళ్ళు చూపించి, తరవాతే పాట పెట్టేవాడు. ఇవి కవలలు, వీటిని విడదీస్తే పాట కుంటిదైపోతుంది అనేవాడు.

ఆయన పోగానే సరిగ్గా ఆ పనే చేశారు. వాటాలు పంచడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. పెద్దవాడు జగన్నాధానికి బొబ్బిలి కొట్టు, చిన్నవాడు ఉమాశంకర్‌కి విజయనగరం కొట్టు. గంగాళాలూ బిందెలూ మంచాలూ సరిసమానంగా పంచారు. స్పీకర్ల దగ్గరికొచ్చేసరికి, పెట్టెలు రెండు, అన్నదమ్ములు ఇద్దరు, ఇంక తర్జనభర్జన ఏముందని చెరొకటి రాసేశారు. రికార్డులన్నీ అన్నకి, వాటిని తిప్పే మిషను తమ్ముడికి. ఎవరికీ అన్యాయం జరగలేదని తృప్తిపడి, కాఫీలు తాగి లేచిపోయారు. ఆ పూట నుంచీ బొబ్బిలిలో పాటలుండి పాడే దిక్కు లేదు, విజయనగరంలో మిషనుండి పాటల్లేవు.

ఇద్దరిలో ఎవరు నోరు తెరిచి అడిగినా ఆ తెలివితక్కువతనం ఆనాడే చక్కబడేది. ఎవరూ అడగలేదు. పైగా జగన్నాధం నలుగురి ముందూ ఒక మాట తూలాడు.

"ఆడి సేతికిస్తే ఏడాది తిరక్కుండా పెట్టె పాడైపోతాది," అన్నాడు.

అదే పట్టుకుంది ఉమాశంకర్‌కి. తరవాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఆరోగ్యం ఎలా ఉందంటే ఎలా ఉందనుకున్నారు తప్ప, అన్నదమ్ముల మధ్య ఇంకో మాట లేదు. పోట్లాట కూడా లేదు. పోట్లాడుకుని ఉన్నా బాగుండేది.

అన్న మీద పంతానికి ఉమాశంకర్ పెట్టెని పసిబిడ్డలా చూసుకున్నాడు. రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, ఎవరైనా దానిమీద గ్లాసు పెడితే కయ్యిమనేవాడు. ఇంతా చేశాక హుద్‌హుద్ తుపాను వచ్చింది. గదిమీది రేకు లేచిపోయింది. ఆ సమయంలో ఆయన కొట్టులోకి వచ్చిన నీళ్ళు తోడిపోస్తున్నాడు. ఇంటికొచ్చేసరికి పైకప్పు కన్నంలోంచి ధార సరిగ్గా పెట్టె నెత్తిన పడుతోంది. వినీర్ బొబ్బలెక్కి, పలక ఉబ్బిపోయి, నెమలికన్ను ఉన్న మూల పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఆ పెచ్చులు ఏరుకుందామని చూస్తే అప్పటికే బురదతో సహా ఊడ్చి పారేశారు. ఊరంతా ఇళ్ళు కూలి ఏడుస్తుంటే ఒక చెక్కముక్క కోసం ఏడవడానికి ఆయనకి సిగ్గేసింది. పెట్టె మీద దుప్పటి కప్పేసి, తుపానులో దానికేం కాలేదని అందరికీ చెప్పాడు. ఆ మాట బొబ్బిలి దాకా వెళ్ళింది.

మరుసటి ఏడు శ్రావణమాసం మొదట్లో భార్య అనూరాధ ఫోను పెట్టేసి వచ్చి, బావగారు నెలాఖరు ఆదివారం వస్తున్నారట, తన పెట్టె కూడా పట్టుకొస్తారట అని చెప్పింది. ఎందుకట అని అడిగితే, ఇద్దరి దగ్గరా చెరొకటి ఉండి ఏం లాభం అన్నారట.

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన కబురు. తీరా వచ్చాక ఉమాశంకర్ గబగబా వెళ్ళి పెట్టె మీది దుప్పటి ఎత్తి చూశాడు. అన్న వచ్చి దుప్పటి తీసి చూస్తాడు. చూసి, నేనప్పుడే చెప్పలేదా అంటాడు. అనకపోయినా మనసులో అనుకుంటాడు. అన్న గడపలో అడుగుపెట్టేలోగా పెట్టె పూర్వంలా అయిపోవాలి, అంతే.

వడ్రంగి గంగరాజుని పిలిపించాడు. అతను పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, గోటితో గీకి చూసి, ఇదేం పెద్ద పని అన్నట్టు నవ్వాడు.

"దీనికింత ఆలోసనేటి బాబూ? పైనుంచి మైకా ఏసీద్దాం. కొత్త పెళ్ళికూతుర్లాగుంటాది."

ఉమాశంకర్ అతనికి టీ కూడా ఇవ్వకుండా పంపించేశాడు. ఆ తరవాత అడిగిన వాళ్ళందరిదీ అదే పాట. ప్లైవుడ్డు కొట్టువాడు మైకా అన్నాడు, పక్కింటాయన మైకా అన్నాడు, ఆఖరికి అనూరాధ కూడా నిగనిగలాడే మైకా అయితే తుడుచుకోవడం తేలిక కదా అంది. టేకు పొర కళ్ళముందు కనిపిస్తుంటే దానిమీద టేకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ అతికించమనే వాళ్ళకి ఏం చెప్పాలో తెలియక ఆయన పళ్ళు నూరుకున్నాడు. తనే చేస్తానని కూర్చున్నాడు.

ఫోనులో వీడియోలు చూసి పని మొదలెట్టాడు. బొబ్బ మీద కాగితం పరిచి ఇస్త్రీ పెట్టెతో అదిమితే లోపలి జిగురు కరిగి పొర మళ్ళీ అతుక్కుంటుందన్నారు. అతుక్కుంది. అతుక్కున్న చోటు పక్కనే ఇంకో బొబ్బ లేచింది. దాన్ని అదిమితే మొదటిది మళ్ళీ లేచింది. మందుల షాపు నుంచి సూది తెచ్చి బొబ్బల్లోకి జిగురు ఎక్కించాడు. పైన ఇత్తడి గంగాళాలు బరువుగా పెట్టాడు. ఆ గంగాళాల అంచులు వినీర్ మీద గుండ్రంగా అచ్చుపడ్డాయి. అచ్చులు పోవాలని ఉప్పుకాగితం పట్టి రుద్దాడు. అచ్చులు పోయాయి, వాటితోబాటు పొర కూడా పోయి కిందనున్న పొట్టు పలక తేలింది. ఆ రోజు ఉప్పుకాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపి పెరట్లోకి విసిరేసి, మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

అన్నిటికంటే ఏడిపించింది ఆ మూల. ప్లైవుడ్డు కొట్లో తెచ్చిన టేకు వినీర్ ముక్క పాలిపోయి ఉంది. టీ డికాషన్ పూస్తే ఎర్రబడింది. ఇంకాస్త చిక్కగా పూస్తే నల్లబడింది. రంగు ఎలాగో కుదిరిందనుకుంటే గీతలు కుదరలేదు. పాత పొర మీద గీతలన్నీ అక్కడెక్కడో ఉన్న కన్ను చుట్టూ తిరగబోతున్నట్టు ఒంగి వస్తాయి, అతుకు దగ్గరికొచ్చేసరికి కొత్త ముక్క మీద తిన్నగా పోతాయి. ఎన్ని ముక్కలు మార్చినా అంతే. కన్ను బజార్లో దొరికేది కాదు.

చివరికి లక్క పాలిష్ వేశాడు. బయట ముసురు. గాలిలో చెమ్మకి పాలిష్ ఆరుతూ ఆరుతూ తెల్లగా బూజుపట్టినట్టయింది. స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ వేశాడు. మళ్ళీ తెల్లబడింది. ఉమాశంకర్ వసారా మెట్టు మీద చతికిలబడి, ఆకాశాన్నీ తుపానునీ వాటాలు పంచిన పెద్దమనుషుల్నీ, ఇంత పల్చటి పొర కనిపెట్టిన వాణ్ణీ వరసపెట్టి తిట్టాడు. అనూరాధ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది.

"ఉన్నదున్నట్టు సెప్పీండి. వానకి పాడైపోయిందనండి. బావగారేటి, కొడతారా?"

ఆయన కాఫీ తాగి, మళ్ళీ స్పిరిట్ గుడ్డ అందుకున్నాడు.

ఆదివారం జగన్నాధం ఆటోలో దిగాడు. జుట్టు బాగా నెరిసింది. దుప్పటి చుట్టిన పెట్టెని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, ఆటోవాడికి జాగ్రత్తలు చెబుతూ, తనే ఒక పక్క పట్టుకుని లోపలికి తెచ్చాడు. వెనకాల రికార్డుల మూట. మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూర్చోకుండా, పిల్లలు కొత్త బొమ్మ విప్పినంత సంబరంగా దుప్పటి ముడులు విప్పాడు.

దుప్పటి కింద ఎర్రగా, నున్నగా, అద్దంలా మెరుస్తూ మైకా.

ఉమాశంకర్‌కి ముందు అర్థం కాలేదు. పక్కల మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా, ప్లాస్టిక్‌గా తగిలింది. నెలరోజులుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"దీని మీది వినీరేదీ?"

"గీకించీసేను. మైకా అతకాలంటే పాతది ఉండకూడదట కదా," అన్నాడు జగన్నాధం, మెప్పు కోసం చూస్తూ.

ఉమాశంకర్ అరిచాడు. ఇన్నేళ్ళలో అన్న మీద ఎన్నడూ అరవనంతగా అరిచాడు. నాన్న వస్తువు తోలు వలిపించడానికి నీకు చేతులెలా వచ్చాయన్నాడు. నేను పాడుచేస్తానని నలుగురిలో అన్నావే, ఇప్పుడు పాడుచేసిందెవరన్నాడు. అనూరాధ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. జగన్నాధం మొహం వాడిపోయింది. దుప్పటి మడత పెట్టుకున్నాడు.

"మరెలాగ తెమ్మంటావురా? గీతలు పడిపోయి, రంగెలిసిపోయి ఉంటే అలాగే తెచ్చి నీ ఇంట్లో పడీమంటావా? అమ్మ ఎప్పుడైనా ఎవురి గిన్నైనా ఒట్టిగా తిరిగిచ్చిందా? పిడికెడు పప్పైనా ఏసి ఇచ్చీది. నేనూ అలాగే అనుకున్నాను. ఒట్టి పెట్టె నీకెలాగ ఇస్తానని ఏయించేను."

 అన్న ఇచ్చెయ్యడానికి తెచ్చాడన్నమాట. తన వాటా.

జగన్నాధం పెట్టెని కొంచెం ముందుకి లాగి, పైపలక చూపించాడు. ముందు మూలన మైకాని అరచెయ్యి మేర చదరంగా కోసి వదిలేశారు. ఆ కిటికీలో పాత టేకు పొర, వెలిసిపోయి, గీతలు పడి, మధ్యలో నెమలికన్నుతో ఉంది.

"వడ్రంగి ఇది కూడా కప్పీబోయేడు. నాన్న సూపించిన కన్ను, దీని జోలికి రావద్దన్నాను. అందంగా లేదని ఆడు గొణిగేడు. గొణిగితే గొణిగేడు. నీది తియ్యి మరి, పక్కన పెట్టి సూద్దాం."

ఇంక దాచేది లేదు. ఉమాశంకర్ వసారాలోంచి తన పెట్టెని తెచ్చి, మీది దుప్పటి తీశాడు. తెల్లబారిన పాలిష్, గంగాళాల మచ్చలు, మూలన నల్లటి అతుకు. జగన్నాధం వంగి, ఆ అతుకు మీద వేలు పెట్టి, ఒంగి వచ్చిన గీతలు ఆగిపోయిన చోట ఆపాడు.

"ఇక్కడుండాలి కదరా."

"పోయింది అన్నయ్యా. తుపానుకి పోయింది. నువ్వన్నట్టే పాడుసేసీసేను."

 ఎప్పుడో తాను తూలిన మాట ఇంత కాలం ఈ ఇంట్లో ఉండిపోయిందని అప్పుడే తెలిసినట్టు జగన్నాధం తమ్ముడి వైపు చూశాడు. తరవాత తన పెట్టె వైపు తిరిగి, కిటికీ అంచు గోటితో పట్టి చూశాడు.

"ఇది ఊడదీసి దానికేసుకోవొచ్చు. గంగరాజున్నాడా? కబురెట్టు."

"దాని మీద ఎవడైనా సెయ్యేస్తే ఊరుకోను," అన్నాడు ఉమాశంకర్, ఇంకా కోపంగానే.

రెండు పెట్టెలూ హాల్లో పక్కపక్కన పెట్టారు. ఒకటి జబ్బుపడి లేచినట్టుంది, ఇంకోటి పెళ్ళికి ముస్తాబైనట్టుంది. కవలలని చెబితే ఎవరూ నమ్మరు. జగన్నాధం మూటలోంచి నాన్నకి ఇష్టమైన రికార్డు తీసి తుడిచాడు, ఉమాశంకర్ తీగలు కలిపి మిషను పెట్టాడు. ముందు పాత పెట్టెలోంచి వీణ వచ్చింది. వెంటనే మైకా పెట్టెలోంచి గొంతు కలిసింది. రెండూ కలిసి గది మధ్యలో, నాన్న కుర్చీ ఉండే చోట, ఒక్క పాటగా నిలబడ్డాయి.

జగన్నాధం కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఉమాశంకర్ మిషను శబ్దం ఇంకాస్త పెంచాడు. కాని చూపు అటు తిరిగినప్పుడల్లా ఆ ఎర్రటి మెరుపు కళ్ళల్లో పొడుస్తోంది, ఒళ్ళు మళ్ళీ మండుతోంది. ఇది జన్మలో పోయే మంట కాదని ఆయనకి అర్థమైంది. అన్న పక్కనే కింద కూర్చుని, మైకా కనబడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని, పాట విన్నాడు.