అడాప్టరు కింది దన్ను

పాఠం మధ్యలో నెట్ ఆగిపోవడం ఆ వారంలో అది నాలుగోసారి. లెక్కల టీచరు భిన్నాలు కూడి చూపిస్తుండగానే తెర మీద పిల్లల మొహాలు బిగుసుకుపోయాయి. వారంలో అయిదోసారి ఇలా జరిగితే క్లాసు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని సంస్థవాళ్ళు ముందురోజే చెప్పారు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని మళ్ళీ దొరకడమంటే మాటలా?

హాల్లోకి పరుగెత్తింది. ఆడపడుచు గోడ దగ్గర వంగి, రౌటరు అడాప్టరు మీద చెయ్యి వేసి ఉంది.

అనుమానం ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు కళ్ళారా చూసింది. ఆ అడాప్టరు చేసినవాడికి పక్కవాడి సుఖం గిట్టదు కాబోలు, అర ఇటుకంత చేసి పెట్టాడు. ఒక పాయింటులో కూర్చుని పక్కదాన్ని కూడా కప్పేస్తుంది. ఆడపడుచు నర్సు. ఆసుపత్రికి దగ్గరని మూడు నెలలుగా వీళ్ళింట్లోనే ఉంటోంది. ఫోను చార్జరు పెట్టుకోవాలంటే దాన్ని పీకాల్సిందే. ఇంకేం సాక్ష్యం కావాలి?

"నేను తియ్యలేదు వదినా. బరువుకి అదే వేలాడిపోతోంది. రోజూ దన్ను పెడుతున్నాను. పొద్దున కూడా పెట్టాను, ఎక్కడ పడిందో మరి."

టీచరు వంగి చూసింది. అడాప్టరు కింద ఉన్న చిన్న బల్ల శుభ్రంగా మెరుస్తోంది. దన్నూ లేదు, దాని జాడా లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి, ఈ పిల్లకి అదీ చేతకాదు అనుకుంది.

సాయంత్రం భర్త దగ్గర పంచాయితీ పెట్టింది. తన చెల్లెలు అలాంటిది కాదని ఆయన నసిగాడు. మరి దన్ను ఏదని ఈమె నిలదీసింది. పైగా ఖాళీ మందుల అట్టపెట్టెలు మడిచి ఎక్కడపడితే అక్కడ పడేస్తుందని, పొద్దున్నే అవన్నీ ఏరి పారేయలేక చస్తున్నానని కూడా కలిపింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆయన పని.

ఇవన్నీ లోపలి గదిలోకి వినబడే ఉంటాయి. మర్నాడు పొద్దున ఆడపడుచు సంచి సర్దుకుని హాస్టలుకి వెళ్ళిపోయింది. "వస్తాను వదినా" అని మాత్రం అంది. పీడ వదిలిందనే అనుకుంది టీచరు. అలవాటు ప్రకారం హాలంతా సర్ది, బల్ల తుడిచి, చెత్త బుట్టలో వేసి క్లాసుకి కూర్చుంది.

పావుగంటకల్లా పిల్లల మొహాలు మళ్ళీ బిగుసుకుపోయాయి.

ఇంట్లో ఇంకెవరూ లేరు. హాల్లో అడాప్టరు సగం ఊడి, తల వాల్చి వేలాడుతోంది. లోపలికి నొక్కింది. మళ్ళీ జారింది. కింద ఏదైనా పెడదామని చుట్టూ చూస్తే బుట్టలో పైనే ఓ మందుల అట్టపెట్టె కనిపించింది, నాలుగు మడతలు పెట్టి ఉంది. గంట క్రితం బల్ల మీంచి తనే తీసి పారేసింది. దాన్ని అడాప్టరుకీ బల్లకీ మధ్య దూర్చింది. కొలత తీసి చేసినట్టు సరిపోయింది. రౌటరు దీపం వెలిగింది.

రోజూ పొద్దున ఇలాంటిదే ఒకటి. సిగ్గుతో ఆమె మొహం మండిపోయింది. లోపల్నుంచి "మిస్, మిస్" అని పిల్లలు పిలుస్తున్నారు. క్లాసు పోతే పోయిందని ముందు ఫోను అందుకుంది.

"మళ్ళీ ఆగిందా వదినా?" ఈమె నోరు తెరవకముందే అడిగింది ఆడపడుచు. "వచ్చేముందు కొత్త అట్ట మడిచి పెట్టే వచ్చానే."

"పెట్టావమ్మా. రోజూ తీసి పారేసింది నేనే."