తన్నని తుపాకి

ఎమ్మిగనూరులో బస్సు మారి ఆదోనిలో దిగేసరికి రంగమ్మకు నడుము పట్టేసింది. తెల్లారకముందే లేచి ఎద్దులకు సొప్ప వేసి, పాలు పితికి, రొట్టెలు కాల్చి మూట కట్టుకొని గోనెగండ్లలో మొదటి బస్సు ఎక్కింది. గోనెపట్టాలో చుట్టిన జంట గొట్టాల తుపాకిని ఎడమ చంకలో ఇరికించుకొని మొగుడు శేషప్ప ముందు నడుస్తున్నాడు. కుడి చెయ్యి ఊరికే వేలాడుతోంది.

రెండేళ్ల కిందట వేరుశనగ బండి మీది నుంచి పడి ఆయన కుడి భుజం ముందరి ఎముక విరిగింది. కట్టు కట్టినవాడు ఎట్లా కట్టాడో గానీ, విరిగిన కొసలు ఒకదాని మీదొకటి ఎక్కి బుడిపెగా అతుక్కున్నాయి. అప్పటి నుంచి తుపాకి పేలినప్పుడల్లా వెనక్కి తన్నే తన్ను సరిగ్గా ఆ బుడిపె మీదే పడేది. కౌజు పిట్టల వేటకు పోయి నాలుగు తూటాలు కాల్చి వస్తే నాలుగు దినాలు మంచమే. ఉప్పు వేయించి కాపడం పెట్టేదీ, ఆముదం రాసేదీ, ఆయన పనీ తన పనీ కలిపి చేసేదీ రంగమ్మే.

మానుకో అంటే మానుకునే సంగతి కాదది. ఉగాది మరుసటి దినం ఊరి మగవాళ్లంతా వేటకు పోతారు. ముందుగా లేచిన పిట్టను కొట్టే మర్యాద తాత కాలం నుంచీ శేషప్ప ఇంటివాళ్లది. పోయిన ఏడు పిట్ట లేచింది. శేషప్ప ఆ తన్నుకు జడిసి, మీట నొక్కకముందే కళ్లు మూసుకున్నాడు. పిట్ట పోయింది.

"అన్నా, వచ్చే ఏడు నేను కొడతాలే. నువ్వు కండ్లు మూసుకొని దండం పెట్టుకో" అన్నాడు చిన్నాయన కొడుకు బసప్ప. అందరూ నవ్వారు. వచ్చే ఏడూ గురి తప్పితే మర్యాద బసప్పకే అని పెద్దలు తేల్చేశారు. శేషప్ప తుపాకి చంకన పెట్టుకొని ఇంటిదారి పట్టాడు. ఆ దినం నుంచి ఇంట్లో పెద్దగా మాట్లాడింది లేదు.

ఆదోని తుపాకుల దుకాణం సాహెబు పెద్దవయసాయన. లైసెన్సు పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకొని చదివాడు.

"దీంట్లో జంట గొట్టాలని రాసుంది. వేరే రకం తీసుకుంటే కర్నూలు పోయి మార్పించుకోవాల."

"పోతాం. ముందు తన్నని తుపాకి సూపియ్యి" అన్నాడు శేషప్ప, మార్చుకునేందుకు తెచ్చిన పాతదాన్ని బల్ల మీద పెట్టి.

సాహెబు రెండు తుపాకులు బల్ల మీద పెట్టాడు. శేషప్ప సన్నదాన్ని ఎత్తి చూశాడు. "అలకగా ఉంది, బరువే లేదు. ఇది తన్నదు గదా?"

"ఉల్టా అప్పా. అలక తుపాకే ఎక్కువ తంతుంది. బరువుంటే ఆ బరువే సగం తన్ను మింగుతుంది." సాహెబు రెండోదాన్ని ముందుకు జరిపాడు. "ఇది సూడు. పరదేశపు సరుకు, ఆటోమేటిక్. ఒక దొర వాడింది. తూటా పేలితే వచ్చే పొగ కొంచెం లోపలికి మళ్లి, కాలినదాన్ని బయట పారేసి కొత్తది ఎక్కిస్తుంది. ఆ పనికి ఖర్చైన జోరు నీ భుజానికి రాదు."

"దానంతట అదే పేలుతుందా?" అంది రంగమ్మ భయంగా.

"లేదమ్మా. మీట నొక్కినప్పుడే. నొక్కినప్పుడల్లా ఒకటి."

"దానంతట అదే పేలేది మా ఇంట్లో ఉందిలే సాహెబూ" అన్నాడు శేషప్ప. సాహెబు నవ్వాడు. రంగమ్మకు నవ్వే ఓపిక లేదు. అయినా ఆయన నోట ఎగతాళి మాట విని ఎన్ని నెలలైందో అనుకుంది.

శేషప్ప ఆటోమేటిక్‌ను ఎత్తి వీధి అవతలి గోడకు గురి పెట్టాడు. తుపాకి వెనక కట్టె చంక దగ్గర చొక్కాకు తగులుకుంది. లాగి భుజానికి ఆనించాడు. అది భుజం గుంటలో కూర్చోలేదు, బుడిపె మీద కూర్చుంది. బరువుకు ముందు కొస మెల్లగా నేలకు వంగింది.

"బాగుంది. ఇదే ఖాయం" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకోకుండానే.

బాగా లేదని రంగమ్మకు తెలుసు. ఆయన చొక్కాలన్నీ ఆమే మిషను మీద కుడుతుంది. పడినప్పటి నుంచి కుడి భుజం కుట్టు రెండు వేళ్లు లోపలికి వేస్తోంది. ఆయనకు చెప్పలేదు. నీ ఒక పక్క కురచైందని మగవాడి ముఖం మీద ఎట్లా చెప్పేది? కానీ చెప్పకపోతే, పాతదాన్ని ఇచ్చేసి ఈ బరువును ఇంటికి మోసుకుపోవాలి. ఉగాది నాటికి బసప్ప సిద్ధంగా ఉంటాడు.

"సాహెబూ, వెనక కట్టె ఈయనకు పొడుగైంది" అంది.

"మేయ్, తుపాకుల సంగతి నీకేం తెలుసే? చొక్కాలు కుట్టుకునేదానివి."

"చొక్కాలు కుట్టేదాన్ని గాబట్టే సెప్తాండా. కుడి పక్క కురచైనావు నువ్వు."

శేషప్ప తుపాకి దించాడు. దుకాణంలో తూటాలు కొనడానికి వచ్చిన ఇద్దరు తలలు తిప్పి చూశారు.

సాహెబు దగ్గరకు వచ్చి రెండు భుజాలనూ కాసేపు పరికించాడు. "నేనే కనిపెట్టాల్సింది. అమ్మ సెప్పింది నిజం. దొర పొడుగు మనిషి, ఆయన కొలతకు చేసిన కట్టె ఇది. కోస్తే జాగాలో కూర్చుంటుంది, బరువు కూడా ఒంటికి దగ్గరైతుంది. రెండు వేళ్లకు మించి కోస్తే లోపలి స్ప్రింగు తగులుతుంది. కోసినాక మళ్లీ అతికేది లేదు. ఎంత కొయ్యాల్నో సరిగా సెప్పమ్మా."

సాహెబు సుద్దముక్క పట్టుకొని నిలబడ్డాడు. రంగమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన వీధిలో పోతున్న పత్తి బండిని చూస్తున్నాడు, మెడ బిగుసుకొని ఉంది.

"ఒక వేలు" అంది చివరికి.

సాహెబు గీత గీయడానికి వంగాడు.

"రెండు" అన్నాడు శేషప్ప, బండి మీది నుంచి చూపు తిప్పకుండా. "రెండు వేళ్లు కొయ్యి సాహెబూ. అది సెప్పలేక ఒకటి అంటాంది. చొక్కా తొడుక్కునేటోనికి తెలీదా, కుట్టు యాడుందో?"

సాహెబు రెండు వేళ్ల దగ్గర గీత గీసి తుపాకిని లోపలికి పట్టుకుపోయాడు. రంగమ్మ గోడ పక్కనున్న బెంచీ మీద కూలబడింది. కాళ్లు ఎంత లాగుతున్నాయో కూర్చున్నాక గానీ తెలియలేదు. కాసేపటికి శేషప్ప కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. లోపల రంపం ఆడటం మొదలైంది.