ఈ ఏడాది పజోరు

పాలు పొంగుతున్నాయని గంగ మూత తీయబోయేసరికి జేసీబీ ఆమె పొయ్యిని రాళ్లతో సహా ఎత్తేసింది. గిన్నె పల్టీ కొట్టి వేడిపాలు రోడ్డంతా పారాయి. గ్లాసు కోసం చాపిన నా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆటో కార్మికుల సంఘంలో పనిచేసేవాణ్ణి, జులుం నాకు కొత్త కాదు. కానీ మనిషి ముఖమైనా చూడకుండా మనిషి పొయ్యిని తీసేసే ఆ తీరు చూసి నా ఒళ్లు మండిపోయింది.

అరకు స్టేషన్ నుంచి దిగి వచ్చే రోడ్డు మీద ఆ కాఫీ కొట్ల వరస మీలో చాలామందికి తెలుసు. విశాఖ రైలు దిగి అక్కడ ఫొటోలు కూడా తీసుకుని ఉంటారు. మాకది మా పేట. గంగ కొట్టులో బెల్లం కాఫీ, అంతోనమ్మ కొట్టులో మిరియాల కాఫీ. ఆటోవాళ్లం గంగ వైపు, కాలేజీ పిల్లలు అంతోనమ్మ వైపు. ఏది గొప్పదో తేలక రోజూ వాదనే. ఆదివారం ప్రార్థన కాగానే చర్చివాళ్లంతా అంతోనమ్మ బల్లల మీద చేరేవారు. ఆ కాఫీ గింజ ఆ ఆడవాళ్లు తమ కొండల మీద పండించుకున్నదే. కోసి, ఎండబెట్టి, పెంకు మీద వేయించి, దంచి, కాచి మన చేతికిచ్చేది కూడా వాళ్లే.

కాంట్రాక్టరు మోహన్‌కృష్ణకి ఆ వరస వెనక జాగా దొరికింది. అద్దాల కాఫీ షాపు కట్టాడు. అద్దాల ముందు మట్టి పొయ్యిలుంటే ఆయనకి నామోషీ. రోడ్డు ఆక్రమణ అని పైనుంచి ఆర్డరు తెచ్చాడు. తోపుడు బళ్లు, పొయ్యిలు, బల్లలు, రోకళ్లు అన్నీ లారీకెక్కించి షాపు వెనక గోదాంలో పడేసి తాళం వేయించాడు.

ఆ షాపు లోపల గోడంతా ఒకే ఫొటో. కాఫీ తోటలో ఎర్రపళ్లు కోస్తూ నవ్వుతున్న ఆడమనిషి. అది గంగే. ఏదో పంటకాలంలో ఎవరో కెమెరాలవాళ్లు వచ్చి తీసుకుపోయిన బొమ్మ. గంగ అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూసింది.

"నా బొమ్మకి జాగా ఉందట, నాకు నేదట," అంది.

ఆ సాయంత్రం ఆటో స్టాండులో మీటింగు పెట్టాం. పాడేరు వెళ్లి కలెక్టరుకి అర్జీ ఇచ్చి, ఆఫీసు ముందు కూర్చుందామని నేనన్నాను. కాలేజీ పిల్లలు అద్దాలు పగలగొడదామన్నారు. అంతోనమ్మ రెండూ కొట్టిపారేసింది. మనం అక్కడ కూర్చుంటే ఇక్కడ షాపు తెరిచేస్తారనీ, అద్దాలు పగిలితే కేసులు పిల్లల నెత్తిన పడతాయనీ ఆమె వాదన. గొంతులు లేచాయి. కొండ ఊళ్ల మగవాళ్లు మాత్రం ఇదంతా పండగ అయ్యాక చూద్దామన్నారు. ఇటుకల పండగ వచ్చేసింది, వేటకి పోవాలి.

ఆ పండగ సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. చైత్రమాసంలో మగవాళ్లంతా అడవికి పోతారు. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టి, ఢింసా ఆడుతూ, వచ్చే పోయే బళ్లని ఆపుతారు. పండగ ఈనాం అడుగుతారు. దాన్నే పజోరు అంటారు. ఇచ్చినవాడే ముందుకు పోతాడు. లారీ అయినా, ఎమ్మెల్యే కారైనా అంతే. ఇవ్వకుండా ఆ కర్ర దాటినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మోహన్‌కృష్ణ షాపు తెరవడానికి సరిగ్గా ఆ రోజుల్లోనే ముహూర్తం పెట్టుకున్నాడు. మగాళ్లుండరు, గొడవుండదు అని ఆయన లెక్క. ఆ మాట వినగానే గంగ నవ్వింది.

"మగోళ్లు అడివికెళ్తే రోడ్డు ఎవులిది?" అంది.

గంగ ఊరి ముసలి కనక ఒప్పుకోలేదు. పజోరు కొండదేవత పేరు చెప్పి అడిగేది, దాన్ని తగువులోకి లాగితే దేవత ఊరుకోదని ఆమె భయం. అదంతా మూఢనమ్మకమని చెప్పడానికి నేను నోరు తెరిచాను. గంగ నన్ను చూపుతోనే ఆపి, కనక పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ దేవత కొండ మీద గింజే గదా నాను అమ్మేది. ఆ తల్లి పేరు సెప్పి అబద్దమాడితే తప్పు. మనది మనం అడిగితే తప్పేటి?"

కనక లేచి, కర్ర తానే కొట్టి తెస్తానంది. అంతోనమ్మ చర్చి మనిషి, ఆ పండగ చెయ్యదు. ఆమెని రమ్మని ఎవరూ అడగలేదు. తనే లేచింది. "నా పొయ్యి కూడా ఆ గోదాంలోనే ఉంది. కర్రకి రెండో కొస నాది," అంది.

షాపు తెరిచే రోజు పొద్దున్నే ఘాట్ రోడ్డు మలుపులో కర్ర పడింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడుతున్నారు. టూరిస్టుల కార్లు ఆగాయి, ఇచ్చాయి, పోయాయి. ఎండ పెరిగాక మోహన్‌కృష్ణ కారూ, దాని వెనక కుర్చీలూ మెషీన్లూ నింపిన లారీ వచ్చాయి. డప్పు ఆగింది.

ఆయనకి ఈ ఆచారం తెలుసు. అద్దం దించి నవ్వుతూ నోట్లు చాపాడు. ఎవరూ అందుకోలేదు. ఇంకొన్ని కలిపాడు.

"ఈ యేడు మీ కాడ డబ్బులొద్దు బాబూ," అంది గంగ. "మా పొయ్యిలు, మా బళ్లు, మా జాగా. అదే పజోరు."

ఆయన ఇంకా నవ్వుతూనే షాపులో పనిస్తానన్నాడు. కప్పులు కడగొచ్చట, టూరిస్టుల ముందు ఢింసా ఆడొచ్చట, చీర కూడా షాపుదేనట.

"మా గింజ కావాల. మా బొమ్మ కావాల. మా ఆట కావాల. మేం మాత్తరం ఒద్దేటి?" అని అడిగింది అంతోనమ్మ.

అప్పుడు పోయింది ఆయన నవ్వు. ఎవరిని చూసుకుని ఇంత ఎగురుతున్నారో తేలుస్తానంటూ ఫోను తీశాడు.

అరకు వైపు నుంచి పోలీసు జీపు వచ్చింది. ఎస్సై మైదానం నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు. జీపు నడిపే కానిస్టేబులు తరుణ్ గంగ ఊరి కుర్రాడే. కర్ర తీసెయ్యమని ఎస్సై చెప్పాడు. తరుణ్ కర్ర దాకా వచ్చాడు. అవతల వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆమె కొడుకు వంక చూస్తోంది.

"పజోరివ్వకుండా దీన్ని ముట్టకూడదు సార్," అన్నాడు తరుణ్.

ఎస్సై అతన్ని తిట్టి, రోడ్డు అడ్డగించడం, బెదిరించి వసూలు చెయ్యడం అంటూ సెక్షన్లు చదివాడు. నోట్లు చాపితే వద్దన్నవాళ్ల మీద వసూళ్ల కేసు! ఆడ పోలీసు ఏదని నేనడిగితే నన్ను పక్కకి నెట్టేశారు. గంగని రెక్క పట్టి జీపులోకి లాగారు. ఆడవాళ్లు మీద పడబోయారు. లోపలినుంచి గంగే ఆపింది.

"నా ఎనక ఎవులూ రావద్దు. కర్ర వదలకండి. లారీ కదిలిందంటే మన పొయ్యిలు పోయినట్టే."

వాళ్లు వదల్లేదు. లారీ కదల్లేదు. జీపు మాత్రం వెనక్కి తిరిగి, అరకులో ఉంచితే జనం పోగవుతారనేమో, అరకు దాటి పాడేరు రోడ్డు పట్టింది. నేను ఆటోలో వెంటపడ్డాను. మనిషిని పట్టుకుపోతుంటే కర్ర పట్టుకుని ఏం లాభం అని దారంతా కుమిలిపోయాను.

మొదటి పల్లె దగ్గర జీపు ఆగింది. రోడ్డుకి అడ్డంగా కర్ర ఉంది. పండగ ఆ ఊరికీ పండగే కదా. వాళ్లకి ఫోను ముందే చేరింది. ఎస్సై విసుక్కుంటూ జేబులోంచి నోటు తీసి చాపాడు. కర్ర పట్టుకున్న ముసలావిడ దాని వంక చూడనైనా లేదు.

"డబ్బులొద్దు బాబూ. బండిలో మా మనిషుంది. ఆవిణ్ణి దింపు."

జీపు తొక్కించెయ్యమన్నాడు ఎస్సై. తరుణ్ ఇంజను ఆపి, తాళం తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నా ఆటో వెనక బస్సు ఆగింది, దాని వెనక కార్లు ఆగాయి. గట్ల మీదినుంచి ఆడవాళ్లు దిగి వస్తూనే ఉన్నారు. అవతలి మలుపులోంచి కూడా డప్పు వినబడుతోంది.

"ఇచ్చెయ్యి బాబూ," అంది గంగ జీపులోంచి, ఏదో సలహా చెప్తున్నట్టు. "పాడేరు ఎల్లేదాకా అన్ని ఊళ్లలోనూ పండగే."

ఎస్సై పైవాళ్లకి ఫోను చేశాడు. వాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. జీపు తలుపు మాత్రం తెరుచుకుంది. గంగ దిగి చీర సర్దుకుంది. ఆడవాళ్లు ఆమెని చుట్టేసి ఏడ్చారు, నవ్వారు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. పజోరు ముట్టింది కాబట్టి ముసలావిడ మాట తప్పకుండా కర్ర పైకెత్తి, జీపుకి దారిచ్చింది.

గంగ అక్కడ నిలబడలేదు. వచ్చి నా ఆటోలో కూర్చుంది.

"బేగి తిప్పు తమ్ముడా," అంది. "లారీవోడు ఇంకా పజోరియ్యనేదు."

నేను ఆటో తిప్పాను. ఆ ఊరి ఆడవాళ్లు కర్రని భుజాలకెత్తుకుని అరకు వైపు మా వెనకే నడిచారు.