ఆముదం పూసిన కళ్లు

కంటి ఫోటో తీయించుకోని వాళ్లకు తెల్లకార్డు ఉండదని దండోరా వేసిన నాటి నుంచి మారెక్కకు తిన్న సంగటి అరగడం లేదు. ఆమె పేరున ఒక కార్డు, కొడుకు కేశవ పేరున ఇంకో కార్డు. సర్వేకొచ్చిన వాళ్లకు వేరు కాపురాలని చెప్పింది. పొయ్యి మాత్రం ఒకటే. వరసగా మూడేళ్లు శెనక్కాయ పంట ఎండిపోయాక, రెండు కార్డుల బియ్యం కలిస్తే గాని నెల గడవడం లేదు.

దానికి తోడు మరిది సోమప్ప. ఎవరినైనా ఏడిపించందే వాడికి పొద్దుపోదు.

"వదినా, ఆ మిషన్ ఉండాదే, నువ్వు ఇన్నేండ్లు చూసిందంతా నీ కంట్లోంచి లాగేస్తాదంట. హైదరాబాదులో పెద్దోళ్లు సినిమా మాదిరి చూస్తారు. నువ్వూ కేశవా ఒక పొయ్యి కాడ కూకోని తినేది కూడా."

చెప్పి, మొహం గంభీరంగా పెట్టుకుని వెళ్లిపోయాడు. నవ్వి ఉంటే ఆమె నమ్మేది కాదు.

ఫోటోలకు ఆఖరి రోజు తెల్లవారుజామున మారెక్క రెండు కళ్లలోనూ ఆముదం చిక్కగా వేసుకుంది. చూసినవన్నీ దాని కింద మరుగున పడిపోతాయనుకుంది.

కళ్యాణదుర్గం బడిలో మిషన్ పెట్టారు. దాన్ని నడిపే కుర్రాడు మూడుసార్లు ఆమె కంటికి పెట్టి చూశాడు.

"కన్ను రాలేదమ్మా. కడుక్కోని రా. ఐదు దాటితే పేరు పోతాది."

"మీ సారుకు చెప్పుకుంటా నాయనా."

"ఏ సారూ లేడు. మేం కాంట్రాక్టోళ్లం. మిషన్ కన్ను పట్టుకుంటేనే కార్డు."

ఒకప్పుడు తాసిల్దారు కాళ్ల మీద పడితే కసిరినా కనికరించేవాడు. ఈ పెట్టెకు కాళ్లెక్కడ? మారెక్క కొళాయి కేసి నడిచింది.

తన ఫోటో కోసం వచ్చిన సోమప్ప అక్కడ ఆమె మొహం చూసి బిత్తరపోయాడు.

"ఆముదమేంది వదినా? నేను ఊరికే తమాషాకి అన్నా. అది ఉత్త ఫోటోనే. అమ్మతోడు."

"మొన్న నా మేకను నక్క ఎత్తుకపోయిందని కూడా అమ్మతోడే వేసినావు. నిన్ను యా చెవితో నమ్మల్ల?"

కడుక్కుంటే పొయ్యి బయటపడుతుంది, కడుక్కోకపోతే కార్డు పోతుంది. చివరికి కడుక్కుంది. మిషన్ చెప్పేకంటే ముందు తానే చెప్పుకుంటే క్షమిస్తారేమో అనుకుని, కుర్చీలో కూర్చోగానే చేతులు జోడించింది.

"నాయనా, పొయ్యి ఒకటే. కార్డులు రెండు. తప్పయిపోయినాది."

"నాకవన్నీ తెలీదమ్మా. రెప్ప కొట్టొద్దు."

మిషన్ కీచుమంది. "అయిపాయ, లెయ్" అన్నాడు కుర్రాడు. దానికి ఏ పొయ్యీ కనబడలేదు.

పక్క బల్ల దగ్గర ఊరి జాబితా చూస్తున్న పంచాయతీ సెక్రటరీ గురప్ప మాత్రం తలెత్తాడు.

"ఏమి మారెక్కా, పొయ్యి ఒకటేనా?"

సోమప్ప అడ్డం వచ్చాడు. "అన్నా, తమాషాకి నేనే నేర్పించినా ఆ మాట."

గురప్ప నవ్వలేదు. "సాయంత్రం మీ ఊరికి వస్తాండా. పొయ్యిలు చూసే పోతా."

బయటకు రాగానే మారెక్క సోమప్ప సైకిలెక్కింది.

"బిన్నా తొక్కు, ఆ గురప్ప వచ్చే లోపల పోవల్ల. రాళ్లు కావల్ల, ఇంకో పొయ్యికి. కొత్తవి కాదు, పొగ పట్టినవి."

"అట్లాంటివి యాడుంటాయి వదినా?"

"మన పక్కింటి తిమ్మక్కోళ్లు బెంగుళూరికి కూలికి పోయి ఏడాదాయ. ఆళ్ల పొయ్యి పెరుకుదాం, తొక్కు."