మార్లిస్ రాని మంగళవారం

మార్లిస్ హోక్ పని పొద్దున ఎనిమిదింటికి మొదలవుతుంది. అమెరికా ఉత్తరాన డులూత్ ఊరి ఎత్తు వీధుల్లో మంచు తీసే బండి వెళ్ళాక, కారు కాసేపు వేడెక్కనిచ్చి, వెనకసీట్లో తూనిక యంత్రానికి బెల్టు బిగించి, బాలింతల ఇళ్ళకి బయల్దేరుతుంది. పసిపిల్లలకి తల్లిపాలు పట్టడం నేర్పడం ఆమె వృత్తి. ఆస్పత్రిలో పందొమ్మిదేళ్ళు చేసి, అక్కడివాళ్ళతో పడక బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. రొమ్ము పట్టని పిల్లలు, పుండ్లు పడ్డ తల్లులు, ఏం చెయ్యాలో తెలీక కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగే భర్తలు, అందరినీ చూసింది. గంటన్నర ఓపిగ్గా కూర్చుంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. ఆ గంటన్నర అంటే ఆమెకి ప్రాణం. ఆ గంటన్నర కోసం ఇంటికొచ్చి నింపాల్సిన కాగితాలంటే డోకు.

ఒక్కో విజిట్‌కి ముప్ఫై మూడు గడుల ఫారం. తల్లికొక అంకె, బిడ్డకొక అంకె, పుండుకొక అంకె, ఆ పుండు చూడ్డానికి వెళ్ళినందుకు ఇంకో అంకె. అన్నీ సరిగ్గా వేసి పంపినా ఇన్సూరెన్సు కంపెనీ వెనక్కి తిప్పి కొడుతుంది. మీరు మా జాబితాలో లేరంటుంది. జాబితాలో ఎవరున్నారని అడిగితే నూట యాభై మైళ్ళ అవతల మినియాపొలిస్‌లో ఒక పళ్ళ డాక్టరు పేరు చెబుతుంది. ఒకసారి ఫారంలో బిడ్డ పేరు ఇంకా పెట్టలేదని 'మగబిడ్డ' అని రాస్తే, ఆ పేరుగల సభ్యుడు మా దగ్గర లేడని జవాబొచ్చింది. ఇంకోసారి, పాలివ్వడం ఈ రోగికి వైద్యపరంగా అవసరమని రుజువు చెయ్యమన్నారు. రోగి వయసు ఆరు రోజులు. ఇలాంటి వాక్యాలు రాయడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. వాళ్ళూ సాయంత్రం ఇళ్ళకి వెళ్ళి అన్నం తింటారు కాబోలు.

తిరస్కరణ ఉత్తరం చివర ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: 'ఈ సేవ జరగనట్టుగా భావించబడుతుంది.' ఆ మాట వచ్చిందంటే ఆ విజిట్ జరగనట్టే. మార్లిస్ ఆ ఇంటికి వెళ్ళనట్టే. దానివల్ల కలిగిన మంచి కూడా దాంతోపాటే పోతుంది. రొమ్ము పట్టిన బిడ్డ మర్చిపోతాడు, పెరిగిన బరువు తరిగిపోతుంది, మానిన పుండు మళ్ళీ రేగుతుంది. తల్లికి మాత్రం ఆ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసినట్టు గుర్తుంటుంది. ఉత్తరం నకలు తల్లికి కూడా వస్తుంది కాబట్టి ఎవరూ గొడవ పడరు. ఫోన్ చేస్తారు.

"మార్లిస్, ఉత్తరమొచ్చింది. మీరు రాలేదట."

"నాకూ వచ్చింది. పట్టడం మానేసిందా?"

"పొద్దున్నుంచీ. బరువు కూడా దిగింది."

"గురువారం వస్తాను."

"మళ్ళీనా, మొదటిసారా? నాకు గుర్తులేదు."

"మూడోసారి."

"అయ్యో పాపం," అంటారు. అని, గురువారానికి కాఫీ పెట్టి ఉంచుతారు. పోస్టు తెచ్చే గస్ అయితే ఆ కవర్లని బోర్లా పెట్టి చేతికిస్తాడు. "ఇవాళ రెండే," అంటాడు, అదేదో తన తప్పయినట్టు.

జనవరిలో ఒక మంగళవారం మార్లిస్ ట్రినా కోస్కి ఇంటికి వెళ్ళింది. ట్రినాకి తొలి కాన్పు. బిడ్డ ఓటోకి నాలుగు రోజులు. ఇంట్లో ఆమె అత్త ఎల్వీ కూడా ఉంది. బయట సున్నాకి ఇరవై డిగ్రీల కింద చలి. మార్లిస్ కోటు జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరో చేసినది కాదు. వేరే బాలింత క్లెయిమ్ గురించి పొద్దున్నే కంపెనీకి తను చేసిన కాల్‌ని నలభై నిమిషాల నుంచి ఆపి ఉంచి సంగీతం వినిపిస్తున్నారు. పెట్టేస్తే మళ్ళీ మొదటికొస్తుందని ఆ దిక్కుమాలిన పియానోని జేబులో మోగనిస్తూనే పనిచేసింది.

పాలు పట్టకముందు ఓటోని తూచింది. ఇరవై నిమిషాలు ట్రినా రొమ్ము దగ్గర ఉంచింది. వాడు నోరు కదిలిస్తున్నాడు గానీ గుటక వినబడటం లేదు. పియానో వినబడుతోంది. సరిగ్గా అప్పుడే పియానో ఆగి మనిషి గొంతు వచ్చింది. మార్లిస్ ఒక్క పరుగున వంటింట్లోకి వెళ్ళింది. ఆ గొంతు ఆమె పుట్టినతేదీ అడిగింది, లైసెన్సు నంబరు అడిగింది, ఇది మా విభాగం కాదంది, లైను తెగిపోయింది. ఒళ్ళు మండిపోతూ గదిలోకి వచ్చి ఓటోని మళ్ళీ తూనిక మీద పడుకోబెట్టింది. ఒకటిన్నర ఔన్సు పెరిగాడు, అంటే నలభై గ్రాముల పాలు.

"తాగాడు," అంది.

ట్రినా నమ్మలేనట్టు చూసింది. "నాకేం తెలీలేదు మరి. అందుకే డబ్బాపాలు సీసాలో కలిపి పెట్టాను. మీరు వచ్చి వెళ్ళాక పట్టేద్దామని."

"సీసా ఎందుకు? ఇప్పుడు అలవాటు చేస్తే నీ దగ్గర పట్టడు. పారబొయ్యి. ఒకటిన్నర ఔన్సు తాగాడమ్మా, తూనిక అబద్ధం చెప్పదు."

ట్రినా సీసా పాలు సింకులో పారబోసింది. మార్లిస్ ఇంటికొచ్చి ముప్ఫై మూడు గడులూ నింపి పంపింది.

శుక్రవారం ఓటో కళ్ళు తెరవలేదు. ఆస్పత్రిలో చేర్చేసరికి ఒంట్లో నీరు ఇంకిపోయి, రక్తంలో ఉప్పు పెరిగిపోయి, ఫిట్స్ వచ్చాయి. మార్లిస్ పరిగెత్తుకుని వెళ్ళింది. గాజు గదిలో వాడికి నాలుగు చోట్ల గొట్టాలు పెట్టారు. ట్రినా గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"తాగుతున్నాడని చెప్పారుగా," అంది. తిట్టినట్టు కాదు, నిజంగా అడిగినట్టే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎల్వీ కుర్చీలో కూర్చుని ఒళ్ళో పసివాడి మేజోళ్ళు నిమురుకుంటోంది. దళసరి ఉన్నితో తనే అల్లి, అడుగున తోలు కుట్టినవి. "మంగళవారం నుంచీ ఇవి విప్పనేలేదు నేను. మా కొంప ఎంత చలో నీకు తెలుసుగా. ఇక్కడివాళ్ళు తీసి పారేశారు," అంది.

"మంగళవారం ఎప్పుడు తొడిగావు?"

"నువ్వు వంటింట్లో ఫోన్ మాట్లాడుతున్నావు చూడు, అప్పుడు."

మార్లిస్ చెయ్యి చాపింది. ఎల్వీ ఎందుకని అడక్కుండానే మేజోళ్ళు ఇచ్చేసింది. వాటిని తీసుకుని పార్కింగ్‌లోకి వెళ్ళి, కారు వెనక తలుపు తీసి, తూనిక మీద పెట్టింది. ఒకటిన్నర ఔన్సు.

పైకి వెళ్ళి ట్రినాతో చెప్పింది. "నేను తూచింది మేజోళ్ళని. పాలని కాదు. ఆ ఫోన్ గొడవలో చూసుకోలేదు." ట్రినా ఆమెకేసి చూసి, "ఉత్తరం ఎప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగింది.

ఎల్వీ కూడా తల ఎత్తింది. "అవును, అందరికీ కాదంటారుగా. మనకీ కాదంటారు. నువ్వు రాకపోయి ఉంటే సీసా పట్టేది పిల్ల. ఉత్తరం వస్తే చాలు, ఇదంతా జరగనట్టే."

ముగ్గురూ ఆ ఉత్తరం కోసం కాచుకున్నారు. శనివారం లేదు. ఓటో మెదడు వాచిందని, రెండు మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని డాక్టరు అంది. సోమవారం గస్ పోస్టు తెచ్చాడు. ఎప్పుడూ లేనిది, కవరు బోర్లా పెట్టకుండా నవ్వుతూ ఇచ్చాడు. "ఇది మంచిదే మార్లిస్. పల్చగా ఉంది."

లోపల చెక్కు ఉంది. రెండు వందల పది డాలర్లు. పైసా కోత లేదు. కోస్కి క్లెయిమ్ పూర్తిగా ఆమోదించామని, ఇంత చక్కని సేవ అందించినందుకు ధన్యవాదాలని రాశారు. పన్నెండేళ్ళలో ఆరు నెలలు తిప్పకుండా ఒక్క క్లెయిమ్ ఇచ్చిన పాపాన పోని కంపెనీ, ఒక పసివాడి ప్రాణం మీదికి తెచ్చిన విజిట్‌కి ఆరు రోజుల్లో డబ్బు కట్టింది. మార్లిస్ ఆ కాగితాన్ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు అంచు పట్టుకుని బల్ల మీద పడేసింది.

కంపెనీకి ఫోన్ చేసింది. పియానో అయ్యాక ఒక కుర్రగొంతు పలికింది.

"నాకీ డబ్బొద్దు. దీన్ని కాదనండి," అంది మార్లిస్.

"ఆమోదించిన దాని మీద అప్పీలు ఉండదండీ. కాదన్న దాన్ని ఔననమనే అప్పీలుంటుంది."

"రోజూ కాదంటారుగా. ఇది కూడా అనండి."

"అలా అనడానికి కారణం ఉండాలి మేడమ్."

"ఏనాడైనా కారణం ఉండి అన్నారా?"

లైను తెగిపోయింది. రెండోసారి తగిలినవాడు, సంతృప్తి సర్వే నింపుతారా అని అడిగాడు. మూడోసారి రొషెల్ అనే ఆవిడ తీసింది. గొంతుని బట్టి మార్లిస్ వయసుదే.

"ఎందుకు కాదనమంటున్నారు?" అంది రొషెల్.

"ఆ విజిట్ వల్ల పసివాడు చచ్చిపోతున్నాడు. తప్పు నాదే."

అవతల మీటల చప్పుడు ఆగింది. "ఈ కాల్ రికార్డవుతుందని మీకు తెలుసు కదా?"

"అవనీ."

"మీ ఫారంలో గడి ఇరవై రెండు చూడండి. అక్కడ ఏం వేస్తుంటారు?"

"తప్పు దిద్ది పంపేటప్పుడు ఏడు వేస్తాను."

"ఈసారి ఎనిమిది వెయ్యండి. ఎడమ అంచుకి వెయ్యాలి, మధ్యలో వేస్తే వెనక్కొస్తుంది. పక్కన పాత క్లెయిమ్ నంబరు. కింద మీ సంతకం. డబ్బు వెనక్కి లాక్కుంటారు." రొషెల్ గొంతు తగ్గించింది. "ఇంకో సంగతి. అది మేం కాదన్నట్టు కాదు, మీరు వద్దనుకున్నట్టు. అందుకని బాలింతకి ఉత్తరం వెళ్ళదు. మేమే చేశామని ఆవిడకి తెలీదు. మీరే రాలేదనుకుంటుంది."

"అనుకోనీ."

"నేను మీకేమీ చెప్పలేదు," అంది రొషెల్. సర్వే గురించి అడగలేదు.

ఏడు అంటే దిద్దుబాటు. ఎనిమిది అంటే ఈ పని నేను చెయ్యనే లేదని తన చేత్తో తనే రాసివ్వడం. మార్లిస్ పన్నెండేళ్ళుగా వెళ్ళాను, చూశాను, చేశాను అని ఆ కంపెనీతో కొట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు గడి ఇరవై రెండులో ఎడమ అంచుకి ఎనిమిది వేసి, కింద సంతకం పెట్టింది. తేలిగ్గా పడింది సంతకం. అంత తేలిగ్గా పడినందుకు తన చెయ్యి చూస్తే తనకే అసహ్యమేసింది. ఒప్పుకున్న తప్పు కూడా ఈ కాగితంతో పోతుంది. ఆ గోడ పక్కన ట్రినా చూసిన చూపు కూడా పోతుంది. తనకి తప్ప ఇంకెవరికీ ఏమీ మిగలదు. ఇంత పెద్ద నేరం ఇంత శుభ్రంగా కడిగేసుకునే వీలు మనిషికి ఉండకూడదు అనుకుంది. అనుకుంటూనే ఫ్యాక్స్ చేసింది.

ఔననడానికి నెలలు పట్టే కంపెనీకి లేదనడానికి ఒక్క రోజు చాలు. మర్నాడు పదకొండింటికి జవాబొచ్చింది. 'రద్దు చేయబడినది.' మార్లిస్ ఆస్పత్రికి ఫోన్ చేసి ఓటో కోస్కి ఎలా ఉన్నాడని అడిగింది.

"ఆ పేరుతో ఎవరూ లేరండీ."

"లేరంటే? పోయాడా?"

"అసలు చేరనే లేదండీ. ఆ పేరే లేదు ఇక్కడ."

మార్లిస్ ఫోన్ పెట్టేసింది. అరగంట తిరక్కుండా అదే ఫోన్ మోగింది.

"మార్లిస్ హోక్ మీరేనా? నేను ట్రినా కోస్కిని. గుర్తున్నానా, లేక పేర్లు కూడా మర్చిపోతారా?"

"గుర్తున్నావు."

"పోయిన మంగళవారం వస్తానన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని. ఇన్సూరెన్సు వాళ్ళు కాదన్నారేమో, వచ్చారేమోలే అని వారం రోజులు చూశాను. ఉత్తరం రాలేదు. ఇవాళ వాళ్ళకే ఫోన్ చేశాను. మేమేమీ తిరస్కరించలేదమ్మా అన్నారు. అంటే మీరు నిజంగానే రాలేదు."

"అవును. రాలేదు."

"కనీసం ఫోన్ చెయ్యచ్చుగా?"

మార్లిస్ నాలుక చివరిదాకా వచ్చింది మేజోళ్ళ సంగతి. చెప్పి ఏం చెయ్యాలి? ఈ పిల్లకి గుర్తుకూడా లేని నరకాన్ని తెచ్చి ఆమె ఒళ్ళో పోసి, తన బరువు దించుకోవాలా? ఆ కోరిక కూడా రోతగానే అనిపించింది.

"చెయ్యలేదు. తప్పు నాదే," అంది.

"తొలిచూలుదాన్ని. నాకేం తెలుసు? మా అత్త ఒక పక్క, నేనొక పక్క ఏడుస్తూ కూర్చున్నాం. ఇంక ఎంతసేపని చూస్తాను? సీసా కలిపి పట్టేశాను. గుటగుటా తాగేశాడు వెధవ, నాలుగు రోజులుగా పస్తున్నట్టు. అప్పుడు తెలిసింది నాకు, నా దగ్గర వాడికేమీ రావడం లేదని. మీరు వచ్చి చెప్పాల్సిన మాట అది."

"మంచిపని చేశావు ట్రినా."

"మీ మెప్పు నాకక్కర్లేదు. మీ గురించి నలుగురికీ చెబుతాను. లైసెన్సు బోర్డుకి రాస్తాను."

"రాయి. నిజమే రాయి."

"ఇలాంటి మనిషి రాకపోవడమే మేలయింది మాకు."

"అవునమ్మా," అంది మార్లిస్. "అదే మేలయింది."

ట్రినా ఇంకా తిడుతూనే ఉంది. ఆ తిట్ల వెనక ఎక్కడో ఒక పసివాడు సీసా ఆలస్యమైన కోపంతో, గొంతు చించుకుని, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. ట్రినా ఫోన్ పెట్టేసేదాకా మార్లిస్ ఆ ఏడుపు వింటూ ఉండిపోయింది.