ఒక వేలు పట్టే జాగా

బూట్ల పార్శిలు మా ఆయన పోయిన తర్వాత వచ్చింది. పెట్టె మీద ఆయన పేరే ఉంది: జీవానందం, సైన్సు ఉపాధ్యాయుడు, ఇందుకూరుపేట. లోపల రెండు జతల బూట్లు, మందపాటి ఉన్ని మేజోళ్లు. పెద్ద జత ఆయనది, చిన్న జత నాది. వేసుకొని నిలబడితే మడమ వెనక నా చూపుడు వేలు సులువుగా దూరింది. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషికి నా కాలి కొలత తెలియలేదా అనిపించింది. వాటిని తిరిగి పెట్టెలో పెట్టేశాను. నెల్లూరు వెళ్లి, కాలికి అతికినట్టుండే మరో జత కొనుక్కున్నాను.

మేమిద్దరం ఒకే బడిలో పనిచేసేవాళ్లం. ఆయనది సైన్సు, నాది తెలుగు. మా తరగతుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఆయన పాఠాలన్నీ నాకూ వినబడేవి. ఏటా ఒక పాఠం దగ్గర ఆయన గొంతు మారేది. నీరు చల్లబడే కొద్దీ బరువెక్కి అడుగుకు పోతుందని, నాలుగు డిగ్రీలు దాటి చల్లబడితే మాత్రం తిరిగి తేలికవుతుందని, అందుకే సరస్సు పైనుంచి గడ్డకడుతుందని చెప్పేవారు. "పైన గడ్డే ఇంటికప్పు. దాని కింద చేప బతికే ఉంటుంది," అని కాసేపు ఆగేవారు. పిల్లలు చప్పుడు చేసేవాళ్లు కాదు. గోడకు ఇవతల సంధులు చెబుతున్న నేనూ ఆగేదాన్ని.

ఆ గడ్డను ఆయన ఎన్నడూ చూడలేదు. మా వైపు మంచు అంటే డిసెంబరు తెల్లవారుజామున వరిచేల మీద కనబడేదే. "పొగలా కమ్మేదీ మంచే, ఆకు మీద నిలిచేదీ మంచే, కొండ మీద గడ్డకట్టేదీ మంచే. మీ తెలుగుతో సైన్సు చెప్పడం కష్టం నవోమీ," అని నన్ను ఆటపట్టించేవారు. ఈ జనవరిలో కాశ్మీరు వెళ్దామని టికెట్లు తీశారు, బూట్లకూ ఆర్డరు పెట్టారు. చలికాలంలో అక్కడి జాలర్లు సరస్సు మీది గడ్డను పగలగొట్టి చేపలు పడతారని ఎక్కడో చదివారు. అక్టోబరులో, నిద్రలోనే, పోయారు.

నా టికెట్టు నేను రద్దు చేయలేదు. ఆయన చెప్పిన ఆ ఒక్క వాక్యాన్ని నా కళ్లతో చూడాలనుకున్నాను. తోడుగా మా తమ్ముడు హెబ్రోను బయలుదేరాడు. డాక్టరు మాత్రం, "మీకు షుగరు ఉంది. కాలి వేళ్లు చల్లబడినా మీకు తెలియదు. పాదాలు వెచ్చగా ఉంచుకోగలిగితేనే వెళ్లండి," అన్నారు. హెబ్రోను ఆ మాట పట్టుకున్నాడు.

"ఈ ఎండలో ఏ బూట్లయినా వెచ్చగానే ఉంటాయి అక్కా. అక్కడికి పోయినాక వేళ్లు చల్లబడితే ఏం చేస్తావు? వద్దులే, రద్దు చేసేద్దాం."

మైపాడు నుంచి చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే ప్రమీలమ్మ అప్పుడు మా వాకిట్లోనే ఉంది. మా ఆయనతో ఆమెకు ఏళ్లుగా తగువు. చేప మీద ఐసు వేసేది తాను, ఐసు కింద చేప బతుకుతుందని చెప్పేది ఆయన. ఇద్దరిలో ఒకరిది అబద్ధమని ఆమె వాదం.

"దానికేంది అబ్బయా," అంది హెబ్రోనుతో. "మా కాడ ఐసు ఫ్యాక్టరీ ఉండాది గదా. ఐసు దిమ్మ మింద నిలబెట్టు మీ అక్కని. తేలిపోద్ది."

మరుసటి రోజు ఆటోలో మైపాడు దగ్గరి ఆ ఫ్యాక్టరీకి వెళ్లాం. హెబ్రోను మా ఆయన తెప్పించిన పెట్టెను కూడా ఎక్కించాడు. ఫ్యాక్టరీ నడిపే మాలకొండయ్య మా బూట్లను చూసి నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు ఆపాడు.

"సారు మా పిల్లకాయలకి చదువు చెప్పినాడు. రాండి టీచరమ్మా, పదిలం, జారతాది."

తలుపు తీయగానే తెల్లటి ఆవిరి మోకాళ్ల దాకా వచ్చింది. లోపల గోడ పొడుగునా దిమ్మలు నిలబెట్టి ఉన్నాయి. పై కిటికీ వెలుగు వాటిలోంచి వచ్చి నీలంగా మారుతోంది. రోజూ చేపల బుట్టలో చూసే ఐసే ఇది. పలుకులుగానే చూశాను, ఇలా ఎన్నడూ చూడలేదు. గట్టిగా మాట్లాడబుద్ధి కాలేదు.

రెండు దిమ్మలను నేల మీద పడుకోబెట్టి గోనెపట్టాలు పరిచారు. ఉన్ని మేజోళ్ల మీద నెల్లూరులో కొన్న జత బిగించుకొని ఎక్కాను. ప్రమీలమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, మా ఆయన బూట్లలో కాళ్లు పెట్టి, పక్క దిమ్మ ఎక్కింది.

"ఏందబ్బయా, మిలిటరీలో చేర్చుకుంటారా నన్ను?"

"చేర్చుకుంటే శత్రువులు నీ నోటికే పారిపోతారు ప్రమీలమ్మా," అన్నాడు హెబ్రోను.

నాకు చలి తెలియలేదు. బూట్లు బాగున్నాయనుకున్నాను. దిగి స్టూలు మీద కూర్చున్నాక ప్రమీలమ్మ నా మేజోళ్లు తీసి వేళ్లు పట్టుకుంది. వెంటనే వదిలేసింది.

"అయ్యో! ఐసుపెట్టెలో వంజరం చేప మాదిరి ఉండాయే!"

టికెట్లు రద్దు చేయడానికి హెబ్రోను జేబులోంచి ఫోను తీశాడు.

"ఇంకో జత ఉంది," అన్నాను.

"అది వదులు గదక్కా. ఇంకా చలి దూరుతుంది."

నేనూ అలాగే అనుకున్నాను. అయినా ఆయన తెప్పించినవాటిని ఒక్కసారి వేసుకోకుండా వదిలేయలేకపోయాను. బయట ఎండలో వేళ్లు మామూలయ్యేదాకా కూర్చొని, అవే మేజోళ్ల మీద ఆయన తెప్పించిన బూట్లు వేసుకొని మళ్లీ దిమ్మ ఎక్కాను.

అంతలో మాలకొండయ్య ఐసు కట్టే డబ్బా ఒకదాన్ని నీళ్లలో ముంచి వంచాడు. దిమ్మ జారి బయటికి వచ్చింది. మధ్యలో కరెంటు పోయినందువల్ల అది సగమే కట్టిందట. అద్దంలాంటి గోడల మధ్య నీళ్లు. అతను దిమ్మను కాస్త కదిపాడు. లోపల ఒక బుడగ ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా నడిచి వచ్చింది. పైన గడ్డ కదలలేదు.

"లోపల నీళ్లు ఆడతా ఉండాయే!" అంది ప్రమీలమ్మ చిన్న గొంతుతో. ఆమె గొంతు అలా తగ్గడం నేను మొదటిసారి విన్నాను. మేమంతా ఆ బుడగనే చూస్తూ ఉండిపోయాం. తరగతిలో ఆయన వదిలే నిశ్శబ్దం అలాగే ఉండేది.

దిగాక ప్రమీలమ్మ మళ్లీ నా వేళ్లు పట్టుకుంది. ఈసారి వదలలేదు.

"ఎచ్చంగా ఉండాయి అబ్బయా. నువ్వే పట్టుకో, రా."

హెబ్రోను వంగి, చిన్నపిల్ల కాలిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఫోను జేబులో పెట్టేశాడు.

గోడ మీదుగా విన్న మరో మాట అప్పుడు గుర్తొచ్చింది. ఉన్నిలో వేడి ఉండదు, అందులో కదలకుండా నిలిచిన గాలే వెచ్చదనం, బిగిస్తే ఆ గాలికి చోటుండదు. కొలత ఆయనకు తెలియకపోవడం కాదు. బూటును కాలికి మళ్లీ తొడిగి, మడమ వెనక వేలు పెట్టి చూశాను. సరిగ్గా ఒక వేలు. ఆ వేలును కాసేపు అక్కడే ఉంచాను.

ప్రమీలమ్మ ఆయన బూట్లు విప్పలేదు.

"నీ దగ్గరే ఉంచుకో," అన్నాను.

"ఊరికే తీసుకోను. అక్కడికి పోయి ఐసు కింద చేపను సూడు. బతికుండాదో లేదో వొచ్చి సెప్పు. సారు మింద ప్రేమతో అబద్ధం మాత్రం సెప్పబాక."

"చూసిందే చెబుతాను ప్రమీలమ్మా," అన్నాను.