సమర్పించు అనే బటన్

శాంతికుమార్‌కి సర్వర్ మీద ఉన్న నమ్మకం, వాళ్ళమ్మకి ప్రభువు మీద ఉన్న నమ్మకం కంటే ఒక వీసం ఎక్కువే. పన్నెండేళ్ళుగా బ్యాకెండ్ డెవలపర్. అంటే వెబ్‌సైట్‌లో మనకి కనబడని పనంతా అతనిది. కనబడేవి, అంటే రంగులూ బొమ్మలూ బటన్లూ, ఫ్రంటెండ్ వాళ్ళవి. వాళ్ళని అతను పెళ్ళిపందిరికి కాగితప్పూలు అంటించేవాళ్ళ కింద జమకట్టేవాడు. పైకి అనేవాడు కాదు లెండి, మర్యాదస్తుడు.

అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామలో దిగి, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జరుగుతున్న డెవలపర్ల సదస్సులో ఫ్రంటెండ్ నేర్పే గది వెతుక్కుని మరీ వెనక వరసలో కూర్చున్నాడంటే, దానికి కారణం వాళ్ళమ్మ దేవమణి.

దేవమణి టీచరుగా రిటైరయ్యాక, చర్చిలో పరిచయమున్న నలుగురు ఆడవాళ్ళని కూడగట్టి కుట్టు సెంటరు పెట్టింది. మూడు నెలల కిందట కొడుకు దానికో వెబ్‌సైటు చేసిచ్చాడు. పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసి, ఎలాంటి జాకెట్టు కావాలో చెప్తే చాలు, అదంతా దేవమణి ఫోనుకి వస్తుంది, ఇంటికే మనిషొచ్చి ఆది జాకెట్టు పట్టుకెళ్తుంది. చుట్టుపక్కల చర్చిల్లో ఆడవాళ్ళందరికీ దేవమణి తనే చెప్పి వచ్చింది. ఒక్క ఆర్డరు వస్తే ఒట్టు.

దాని గురించి ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా శాంతికుమార్ ఒకటే మాట అనేవాడు. "సర్వర్ బాగానే ఉందమ్మా." అదీ నిజమే. పనే లేని సర్వరుకి రోగమెక్కడినుంచి వస్తుంది?

శుక్రవారం దేవమణి తేల్చేసింది. "రేపు సాయంత్రందాకా చూస్తాం నాన్నా. ఒక్కటన్నా రాలేదా, ఎవరి మిషను వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. సూసన్ అయితే మిరప కోతలకి పోతానంటంది."

సూసన్ అంటే చిన్నప్పుడు అతని స్కూలు నిక్కర్లన్నీ కుట్టినావిడ. ఆ చేతులు మిరపచేలో ఊహించుకునేసరికి అతనికి సర్వర్ ఊసెత్తడానికి నోరు రాలేదు.

అందుకని పొద్దుటినుంచీ బుద్ధిగా నేర్చుకున్నాడు. ఫారం చివర ఉన్న బటన్‌కి ఆకుపచ్చ రంగు వేశాడు. గంటన్నర కుస్తీపట్టి దాని మూలలు గుండ్రంగా తిప్పాడు. తిప్పి, పక్కవాడికి కనబడేలా లాప్‌టాప్ కాస్త జరిపాడు కూడా.

మధ్యాహ్నం పాఠం చెప్పే మనోజ్ఞ, అతనికంటే పదేళ్ళు చిన్నది, కొత్త పని పెట్టింది. "మీ పేజీ ఇంతవరకూ చూడని మనిషికి ఇవ్వండి. వాళ్ళు వాడుతుంటే చూడండి. ఒకటే షరతు. మీరు నోరు మెదపకూడదు."

టీ కప్పులు తీయడానికొచ్చిన క్యాంటీన్ ఆవిడని శాంతికుమార్ లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. పేరు పరిమళ, చెవిటికల్లు నుంచి రోజూ బస్సులో వస్తుంది. చేతులు కొంగుకి తుడుచుకుని ఆవిడ చకచకా నింపింది. పేరు. ఊరు. ఫోను. చేతులు మోచేతి దాకా. వెనక మెడ లోతు వద్దు. శాంతికుమార్ గుండె ఉబ్బింది. ఆవిడ వేలు ఆకుపచ్చ బటన్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

బటన్ మీద 'సమర్పించు' అని ఉంది.

ఆవిడ బటన్‌ని చూసింది. అతన్ని చూసింది. అతను నాలుక కరుచుకుని కూర్చున్నాడు. పరిమళ నెమ్మదిగా కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. తర్వాత ఆమేన్ అనుకుని, లాప్‌టాప్‌ని రెండు చేతులతో భక్తిగా అతని ముందుకు జరిపి లేచింది.

"అక్కా, బటన్ నొక్కలేదు!" షరతు గాలికిపోయింది.

"ఏం సమర్పించాలో రాయలేదు గదా బాబూ. కానుకంటే ఎంతో తెలీదు. నన్ను నేనా అంటే, అది పోయిన ఈస్టరుకే అయింది. ఊరికే నొక్కకూడదని ప్రార్థన చేసుకుని వదిలేసా."

గది గొల్లున నవ్వింది. మనోజ్ఞ నోటికి దస్తీ అడ్డం పెట్టుకుంది.

"సబ్మిట్‌కి డిక్షనరీలో అదే ఉందండీ," అన్నాడు శాంతికుమార్.

"మీరు చర్చికి పోరా బాబూ?"

పోతాడు. పుట్టినప్పటినుంచీ పోతున్నాడు. ఆ మాట ఆదివారానికి ముప్ఫైసార్లు చెవిన పడుతుంది కూడా. పడేవేళకి అతను చివరి వరసలో తల దించుకుని, ఫోన్లో సర్వర్ ఎలా ఉందో చూసుకుంటుంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మధ్యలో కరెంటు పోయినా రాసింది పోకుండా, సగం ఫారాలన్నీ ఒక పక్కన దాచే ఏర్పాటు తనే చేశాడు. చేసి గర్వపడ్డాడే గానీ, ఏనాడూ తెరిచి చూళ్ళేదు. ఇప్పుడు తెరిచాడు. నలభై ఒక్కమంది. రెడ్డిగూడెం, కంచికచర్ల, నందిగామ. అందరూ అంతా నింపారు, చివర నొక్కడం తప్ప. అన్నిటికంటే పైన, వెబ్‌సైటు పెట్టిన మొదటి రోజు తేదీతో, మొదటి పేరు: దేవమణి, జగ్గయ్యపేట.

బటన్ మీద మాట తీసేసి 'పంపండి' అని పెట్టడానికి అర నిమిషం పట్టింది. ఇంకొక్కసారి చూడమని పరిమళని బతిమాలితే, "కప్పులు కడిగొచ్చి నా ఫోన్లో చూస్తాలే బాబూ" అని ట్రే ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాలుగు దాటింది. అతను వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"చెప్పరా. ఆటో వచ్చింది, సూసన్ మిషను ఎక్కిస్తున్నారు."

"అమ్మా, మొదటిరోజే నువ్వు ఫారం నింపావు. బటన్ ఎందుకు నొక్కలేదు?"

"సమర్పించు అని ఉంది గదరా. సమర్పించాల్సింది నువ్వు పుట్టినప్పుడే సమర్పించా, నిన్ను పాస్టరుగారి చేతుల్లో పెట్టి. ఇంకేముంది నా దగ్గర?"

"మరి నాకు చెప్పొచ్చు గదమ్మా!"

"చెప్పబోయా నాన్నా. నాలుగుసార్లు చెప్పబోయా. నేను ఫారం అనగానే నువ్వు సర్వర్ బాగానే ఉందమ్మా అంటావు. నీ చదువుకి తెలిసే పెట్టుంటావులే అనుకుని ఊరుకున్నా."

నలభై మంది పరాయివాళ్ళు ఆగిపోయారంటే అది తన తెలియనితనం అనుకోవచ్చు. అమ్మ చెప్పకుండా ఆగిపోయింది మాత్రం తను వినకపోవడంవల్లే. శాంతికుమార్ ఏదో సర్దిచెప్పబోయి, మనోజ్ఞ షరతు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"ఉన్నావురా? ఇంకోటి. ఆ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, నాకు అద్దాలు పెట్టుకున్నా కనబడవు. ఇంకా... ఉండు, ఫోను టింగుమంది." కాస్త ఆగి, కూడబలుక్కుంటూ చదివింది. "పరిమళంట. చెవిటికల్లు. చేతులు మోచేతి దాకా..." ఆ వెంటనే ఫోను పక్కకి పెట్టి గట్టిగా కేకేసింది. "సూసన్! మిషను దించమ్మా, దించు! ఆర్డరొచ్చింది!"

అటు ఆడవాళ్ళ కేకలు, ఆటోవాడి సణుగుడు అన్నీ అతనికి వినబడ్డాయి. మళ్ళీ అమ్మ గొంతు వచ్చేసరికి ఆయాసపడుతోంది.

"సర్వర్ బాగానే ఉందిరా," అంది నవ్వుతూ.

"అది సరేలే అమ్మా," అన్నాడు శాంతికుమార్, జేబులోంచి సదస్సువాళ్ళు ఇచ్చిన పెన్ను తీసి. "అక్షరాలు చీమల్లా ఉన్నాయన్నావు. తర్వాతేంటి, చెప్పు."